వెనకగదికి వేడి వచ్చింది

సాస్కటూన్,
నవంబరు 19, ఆదివారం.

అమ్మకు,

నీ ఒరీసియా దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, సెల్లారులో ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసూ, మెట్ల మీద మకాం పెట్టిన పక్కింటి పిల్లీ ముగ్గురమూ కులాసా. అక్కడ విక్టోరియాలో నువ్వూ, స్టెఫా పిన్నీ, మీ కిటికీకి ఎదురుగా ఉన్న సముద్రమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో ఎంత అరిచి చెప్పినా నీకు వినబడటం లేదనీ, వినబడనిదంతా నువ్వే కల్పించుకుని రెండు రోజులు బాధపడుతున్నావనీ పిన్ని చెప్పింది. అందుకే ఈసారి ఫోను మానేసి తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. పెద్దదే అవుతుంది. కళ్ళజోడు తెచ్చుకుని కూర్చో.

క్యాబేజీ ఊరవేశావా అని అడిగావు. వేశాను, ఎనిమిది గడ్డలు. నువ్వు చెప్పినట్టే జాడీ మీద పళ్ళెం, పళ్ళెం మీద రాయి. ఉప్పు ఎక్కువైందేమోనని రెండు రోజులు, తక్కువైందేమోనని రెండు రోజులు దిగులుపడ్డాను. అయిదో రోజున బుడగలు మొదలయ్యాయి. నా దిగులుతో దానికి ఏమీ పని లేదన్నమాట.

కాలేజీ బాగానే ఉంది. మొన్న క్లాసులో ఒకమ్మాయి, “మేడమ్, మీరు ఏదీ తేల్చి చెప్పరేంటండీ? ఇలా అంటారు, అలా అంటారు, ఇంతకీ జరిగిందేంటి?” అని అడిగేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చరిత్ర అంటే అంతే కదమ్మా అని ఏదో సర్దిచెప్పాను గానీ, ఇంటికొచ్చి బూట్లు విప్పేదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఇక నువ్వు కింద రెండు గీతలు గీసి మరీ రాసిన ప్రశ్న. “మంచు కరిగాక ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చేస్తావా, రావా? అవునో కాదో ఒక్క ముక్క రాయి. ‘చూద్దాం’ అని రాశావంటే ఉత్తరం తిప్పి పంపిస్తాను.” పంపిస్తావని నాకు తెలుసు. నాన్న పోయి ఆరేళ్ళు, నువ్వు వెళ్ళి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో నీకు ‘చూద్దాం’ అని ఎన్నిసార్లు రాశానో నాకే సిగ్గుగా ఉంది. ఈసారి సమాధానం ఉందమ్మా. కానీ చివర్లో రాస్తాను. ముందే చెప్పేస్తే అది ఎలా వచ్చిందో నీకు అర్థం కాదు. అది వచ్చింది గొట్టాలవాళ్ళ వల్ల.

అవును, నువ్వు వద్దన్నా, ఫర్నేసు వేడిని గదులకి మోసే గాలిగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళని ఇంట్లోకి రానిచ్చాను. కోప్పడకుండా చదువు.

నీ కోపం అన్యాయమని నేను అనను. నువ్వు ఇక్కడున్నప్పుడు, ఆ ఫోన్లు చేసి పని అడిగేవాళ్ళు చవక ధర చెప్పి వచ్చి, మనం హాలు తుడుచుకునే వాక్యూమ్ లాంటిది వెచ్చగాలి వచ్చే రెండు జాలీల్లో దూర్చి తీసి, ఎవరింట్లోదో నల్లటి ఫిల్టరు నీకు చూపించి, “అమ్మో బూజు, అమ్మో రోగాలు” అని బెదిరించారు. నువ్వు మంచు ఊడ్చే చీపురుతో వాళ్ళని వీధి మలుపుదాకా తరిమావు. ఆ రోజు నుంచీ నీ దృష్టిలో గొట్టాలు తుడిచేవాడంటే దొంగే. ఈ ఊళ్ళో సగంమంది అత్తమ్మలకి అదే అభిప్రాయం.

కానీ నువ్వే కదా, ఊరికే చూసి వెళ్ళమని ఇళ్ళ ఏజెంటు కెల్విన్‌ని పంపావు. అతను ఇల్లంతా తిరిగి, “బాగుంది మేడమ్, గట్టి ఇల్లు. కానీ మేడ మీద ఆ వెనకగది ఉంది చూశారూ, అది గదా, ఫ్రిజ్జా?” అన్నాడు. కొనేవాళ్ళు ముందు అడిగేది వేడి గురించేననీ, గొట్టాలు ఒకసారి శుభ్రం చేయించి ఉంచమనీ చెప్పాడు. నేను ఫోన్లవాళ్ళని పిలవలేదు. మా కాలేజీలో లైబ్రేరియను టేవ్స్ దంపతుల నంబరు ఇచ్చింది. పాతికేళ్ళుగా తన ఇంటి గొట్టాలకి ఈ దంపతులే వస్తున్నారట.

గురువారం నాకు క్లాసులు లేవు. పొద్దున్నే వచ్చారు. మొగుడి పేరు లోర్న్, పెళ్ళాం పేరు వెర్నా. ఇద్దరికీ అరవై దాటాయి. ఆయన నిలువునా తలుపంత, ఆవిడ ఆయన మోచేతి దాకా. నువ్వు అడగమన్నవన్నీ గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. మీ యంత్రం ఎంతది? ఎంతసేపు చేస్తారు? ఫిల్టరు చూపించి భయపెడతారా?

వెర్నా పకపకా నవ్వి, “ఇవి నీ ప్రశ్నలు కావు తల్లీ. ఎవరు నేర్పారు?” అంది.

“మా అమ్మ.”

“ఆవిడ ఎక్కడున్నారో చెప్పు, పనిలో పెట్టుకుంటాను. నా మొగుణ్ణి ఇలా నిలదీసేవాళ్ళు లేకే చెడిపోయాడు.”

యంత్రం చూపించారు. యంత్రమంటే అమ్మా, వాళ్ళ లారీయే యంత్రం. అందులోంచి నా నడుమంత లావు గొట్టం తీసి సెల్లారు కిటికీలోంచి లోపలికి దించి ఫర్నేసు పక్కన పెద్ద గొట్టానికి తగిలించారు. ఇంట్లో ఉన్న జాలీలన్నింటినీ వెర్నా అంటుకునే కాగితంతో మూసింది. ఇక ఒక్కొక్కటే తెరిచి, గాలి కొట్టే సన్నటి గొట్టం లోపలికి వదులుతారు. అది పాములా తన్నుకుంటూ దుమ్మునంతా కిందికి తోలుతుంది, కింద లారీ పీల్చేస్తుంది. కానీ ఏ గదిలో పని మొదలుపెట్టినా ముందు లోర్న్ ఆ గది జాలీ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పసిపిల్లకి జ్వరం ఉందేమో చూసినట్టు.

ఈ ఇద్దరికీ ఫోన్లు అక్కర్లేదు. యంత్రం వేయకముందు ఆవిడ మేడ మీద, ఆయన సెల్లారులో, మాటలన్నీ గొట్టాల్లోంచే.

“ఏమయ్యా, ఏడోది మూశాను. వినబడుతోందా?”

హాల్లో జాలీలోంచి ఆయన గొంతు పలికింది. “ఏడోది ఇందాకే మూశావు కదే! లెక్క మర్చిపోతున్నావు.”

“మర్చిపోతున్నది నేనా? మొన్న పెళ్ళిరోజు మర్చిపోయింది ఎవరు?”

“పెళ్ళిరోజు జూన్‌లో కదే!”

“మేలో!”

వెర్నా నా వైపు వంగి, “జూనే. ఊరికే అన్నాను. భయం ఉంటే పని చురుగ్గా చేస్తాడు” అంది.

“వినబడింది!” అంది గొట్టం.

నేను ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. నువ్వు ఉంటే నువ్వూ నవ్వేదానివి. తర్వాత ఒప్పుకునేదానివి కాదనుకో.

మధ్యలో లోర్న్ నన్ను సెల్లారులోకి పిలిచాడు. ఫర్నేసు పక్క రేకు మీద నాన్న పెన్సిలుతో రాసిన తారీఖులు ఉన్నాయి కదా, ఫిల్టరు మార్చిన ప్రతిసారీ రాసుకున్నవి? పై నుంచి కింది దాకా నాలుగు వరసలు. చివరి వరసలో అక్షరాలు వణికి ఉన్నాయి. “తుడిచెయ్యమంటారా, ఉంచమంటారా టీచరమ్మా? కొందరు తుడిచెయ్యమంటారు. నేనైతే అడగకుండా తుడవను” అన్నాడు. ఉంచమన్నాను. ఆ రేకు మీద గుడ్డ కప్పి టేపు వేశాడు. “ఇలా రాసుకునే మనిషి ఉన్న ఇంట్లో దుమ్ము ఎక్కువ ఉండదు. మీ గొట్టాలు బాగానే ఉన్నాయి. ఇంకో పదేళ్ళు మమ్మల్ని పిలవకండి” అన్నాడు. నువ్వు నమ్మాలని ఆయన అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

అలా ఒక్కో గదీ తిరుగుతూ చివరికి వెనకగదికి వచ్చాడు. జాలీ మీద చెయ్యి పెట్టాడు. తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“దీనికి ఊపిరి లేదు” అన్నాడు.

“ఆ గది అంతేనండీ. మా నాన్న కట్టాడు. మొదటి నుంచీ చలే” అన్నాను. ఆ మాట నా నోట ఎంత తేలిగ్గా వచ్చిందో చూడు.

నాన్న ఆ గది ఒక వేసవంతా సెలవు పెట్టుకుని ఒక్కడే కట్టాడు. కట్టిన కొత్తలో బాగానే ఉండేది. ఒక చలికాలం మధ్యలో ఉన్నట్టుండి చల్లబడిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ నవంబరు వచ్చిందంటే నీ నోటికి పండగే. “ఏమయ్యా మేస్త్రీ, నీ గదిలో పాలు పెట్టుకోనా, చెడకుండా ఉంటాయి?” అనేదానివి. చుట్టాలు వస్తే, “మా ఆయన మా ఇంట్లోనే ఉత్తర ధ్రువం కట్టాడు, చూస్తారా?” అనేదానివి. నాన్న టార్చి పట్టుకుని పైకి వెళ్ళి, జాలీ ఎత్తి, లోపలికి చూసి, తల గోక్కుంటూ దిగేవాడు. గోడల్లో దూది కూరాడు. కిటికీకి రెండు పొరలు వేశాడు. పైకప్పు రెండుసార్లు విప్పాడు. ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా, “వచ్చే ఏడు ఆ గది నేల విప్పి చూడాలి” అన్నాడు. నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని, “విప్పుదువుగానిలే మేస్త్రీ” అన్నావు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

లోర్న్ గాలిగొట్టం లోపలికి వదిలాడు. కొంత దూరం పోయి ఆగింది. లాగాడు, తోశాడు.

“వంపు దగ్గర ఏదో అడ్డం పడింది. మెత్తగా ఉంది.”

“పిల్లేమో” అంది వెర్నా.

“పిల్లయితే ఇన్నేళ్ళకి మెత్తగా ఉంటుందా? నువ్వే చెప్పు.”

“నువ్వు లేవూ?”

తీగ చివర చిన్న కెమెరా కట్టి దించారు. వెర్నా చేతిలో బుల్లి తెర. ముందు అంతా నలుపు. తర్వాత ఆ నలుపులో ఒక ఎర్రటి రేకు, దాని పక్కన ఇంకొకటి.

నేను వెర్నా చేతిలోంచి ఆ తెర లాక్కున్నాను.

సెల్లారులో గొట్టం కీలు విప్పి, కొక్కెంతో అరగంట కుస్తీ పట్టి బయటికి లాగారు. అమ్మా, అది అమ్మమ్మ శాలువా. నల్ల ఉన్ని మీద ఎర్ర గులాబీలు ఉన్నదే. అమ్మమ్మ పాత దేశం వదిలి ఓడలో కప్పుకుని వచ్చినదే. చర్చి పాతబట్టల మూటలో పొరపాటున వేసేశానని నువ్వు నెత్తి కొట్టుకుని, ఆ మూట పంపిన ఊరికి మూడు ఉత్తరాలు రాసి, ఇప్పటికీ ఈస్టరు వచ్చినప్పుడల్లా తల్చుకుని కళ్ళు ఒత్తుకుంటావే, అదే శాలువా.

నువ్వు పారెయ్యలేదు. దాన్ని ఆ గొట్టంలో కూరింది నేను.

రాసేశాను. ముప్పై ఏడేళ్ళు పట్టింది. కాస్త ఆగి టీ తాగి వచ్చి మళ్ళీ రాస్తున్నాను. నువ్వూ కాసేపు ఆగు. తిట్టాలనుంటే పిన్నిని కూర్చోబెట్టుకుని తిట్టు, తర్వాత మిగతాది చదువు.

టేవ్స్ వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. గొట్టంలో దొరికింది ఏదైనా సరే, వాళ్ళు పారెయ్యరు. ఒక ట్రేలో పేర్చి వంటింటి బల్ల మీద పెట్టి ఇంటివాళ్ళని పిలుస్తారు. మన ట్రేలో నాన్న పనిచొక్కా గుండీ, ఆరు పెన్సిలు ముక్కలు, చదరంగం గుర్రం, ఒక పాలపన్ను. వాటి పక్కన, కుర్చీ మీద వేసిన పాత కాగితాల మీద, దుమ్ములో బూడిద రంగుకి తిరిగిన శాలువా.

“ఎవరిదమ్మా ఇది?” అంది వెర్నా. నా మొహం చూసి, “సరే, ముందు కూర్చో” అంది. కాఫీ ఆవిడే పెట్టింది, మన వంటింట్లో, నన్ను అడక్కుండానే. నేను మొత్తం చెప్పేశాను. నీకు చెప్పవలసింది ముందు ఎవరో దారిన పోయేవాళ్ళకి చెప్పానని అనుకోకు. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు.

నాకు తొమ్మిదేళ్ళు. గవదబిళ్ళలు. అమ్మమ్మ శాలువా తలకి చుట్టి నన్ను వెనకగదిలో పడుకోబెట్టావు. మధ్యాహ్నం దవడలు సలుపుతుంటే నేల మీద పడుకుని జాలీకి చెంప ఆనించాను. వెచ్చటి గాలి హాయిగా ఉండేది. దాంతోపాటు వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు, నీ గొంతు వచ్చాయి. ముందు వారమే నాన్నకి విక్టోరియా ఓడల రేవు నుంచి పని ఇస్తామని ఉత్తరం వచ్చింది. సముద్రం పక్కన ఇల్లు అని నువ్వు నాలుగు రోజులుగా ఆ మాటే చెబుతున్నావు. ఆ మధ్యాహ్నం నువ్వు అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“వద్దు. అది రెండేళ్ళు బళ్ళో నోరు విప్పలేదు. ఇప్పుడిప్పుడే ఒక్క స్నేహితురాలు దొరికింది, నాలుగు ముక్కలు మాట్లాడుతోంది. ఇప్పుడు లాక్కుపోతే మళ్ళీ మూగదైపోతుంది. సముద్రం ఎక్కడికీ పోదులే. వద్దు.”

నా వల్ల మీ ఇద్దరికీ సముద్రం లేకుండా పోయిందని నాకు అర్థమైంది. ఇంకొక్క మాట వినబడితే భరించలేననిపించింది. జాలీ ఎత్తి, శాలువా తలమీంచి లాగి, గొట్టంలో కుక్కి, కాలితో తొక్కాను. మాటలు ఆగిపోయాయి. వేడి కూడా ఆగిపోతుందని తొమ్మిదేళ్ళదానికి తోచలేదు. మర్నాడు చెయ్యి పెట్టి చూస్తే శాలువా అందలేదు, లోపలికి జారిపోయింది. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. ఈలోగా నువ్వు చర్చి మూట మీద అనుమానపడ్డావు, నాన్న తన తాపీపని మీద అనుమానపడ్డాడు. ఇద్దరూ తప్పు మీ నెత్తినే వేసుకున్నారు. నాకు మాత్రం మూడు దుప్పట్లు కప్పావు. ఆ చలిలో పడుకోవడం నాకు తగిన శిక్షేననిపించేది. పెద్దయ్యాక ఇంకా సుళువు దొరికింది. నిజంగా నేనే చేశానా, లేక కలగన్నానా అని సందేహించడం మొదలుపెట్టాను. సందేహించడంలో నాకు డిగ్రీ కూడా ఇచ్చారు కదా.

వెర్నా అంతా విని చెంచా కింద పెట్టింది. నన్ను ఓదార్చలేదు. గొట్టాల మనిషి అడిగే ప్రశ్నే అడిగింది.

“అప్పుడు మీ అమ్మ ఎక్కడ నిలబడింది?”

“పొయ్యి దగ్గర. ఉల్లిపాయలు వేయిస్తోంది.”

వెర్నా వంగి చూసింది. వంటింటి జాలీ పొయ్యి పక్కనే, అలమర కింద ఉంది. “మరి మీ నాన్న?”

“అక్కడ, కిటికీ దగ్గర. రాత్రి షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నాలు ఎప్పుడూ ఆ కుర్చీలోనే.”

“ఆయన ఏమన్నాడు?”

చెప్పబోయాను. ముప్పై ఏడేళ్ళుగా ఆ మధ్యాహ్నాన్ని రోజూ తల్చుకున్నదాన్నే, అందులో నాన్న మాట ఒక్కటీ లేదని నేనెప్పుడూ గమనించలేదు.

“ఏమీ అనలేదు” అన్నాను.

“అనలేదా, నీకు వినబడలేదా?”

ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కుపోయింది. ఇద్దరం వెనకగదిలో జాలీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాం. “ఏమయ్యా, పొయ్యి దగ్గర నిలబడి ఏదైనా మాట్లాడు!”

“ఏం మాట్లాడను?”

“నీకెప్పుడూ మాటలకి కరువే కదా. ఏదో ఒకటి!”

“మా ఆవిడ పొట్టిది, నోరు పొడుగు” అన్నాడు లోర్న్. మా ఇద్దరి మధ్యే కూర్చుని అన్నట్టు వినబడింది.

“చూశావా? ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీలోకి వెళ్ళు. అక్కడ కూర్చుని మాట్లాడు!”

మేం విన్నాం. ఏమీ లేదు. ఆవిడ చెవి జాలీకి ఆనించింది, నేనూ ఆనించాను. ఏమీ లేదు. చాలాసేపు చూసి కిందికి దిగితే లోర్న్ కుర్చీలో కాళ్ళు చాపుకుని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

“విన్నారా?” అన్నాడు. “మా అత్తగారి గురించి నలభై ఏళ్ళుగా దాచుకున్నదంతా చెప్పేశాను.”

“ఒక్క ముక్క వినబడలేదు” అంది వెర్నా.

“అబ్బ, ప్రాణం ఎంత తేలికపడిందో!”

అమ్మా, నేను నవ్వుతూ ఏడ్చాను. ఎక్కువభాగం నవ్వే. రోజూ క్లాసులో పిల్లలకి చెప్తాను: మాట ఎవరు విన్నారు, ఎక్కడ నిలబడి విన్నారు, వినబడనిదేమిటి అని అడగండర్రా అని. పొయ్యి దగ్గర అన్న మాట విని, కిటికీ దగ్గర అన్న మాట వినకుండా, మన ముగ్గురి జీవితాల మీదా నేను ఒక్కదాన్నే తీర్పు చెప్పేశాను. ఆ తీర్పుకి భయపడే ఈ రెండేళ్ళూ నీకు ‘కాదు’ అని రాయలేకపోయాను. అప్పుడు నా కోసం సముద్రం వదులుకున్న మనిషికి, ఇప్పుడు సముద్రం దొరికాక, రానని ఎలా రాయను?

సాయంత్రం నాలుగింటికి పని అయింది. వెళ్ళే ముందు వాళ్ళకి ఇంకొక తంతు ఉంది. ఫర్నేసు వేసి, ఇంట్లో పెద్ద ఎవరైతే వాళ్ళ చేత ప్రతి జాలీ మీదా చెయ్యి పెట్టించి, “వచ్చింది” అనిపించుకుంటారు. అలా అంటే తప్ప సంతకం అడగరు. పెద్దదాన్ని నేనే కదా అని తిరిగాను. వెనకగదిలో చెయ్యి పెట్టాను. వచ్చిందమ్మా. చేతి వెంట్రుకలు లేచేంత బలంగా వచ్చింది. నాన్న గది బంగారంలాంటి గది. ఒక్క గోడలోనూ తప్పు లేదు. నువ్వు ఆయన్ని అన్న వెక్కిరింతలన్నీ వెనక్కి తీసుకోవాలి. తీసుకునేటప్పుడు నా పేరు చెప్పి తీసుకో.

శాలువా చల్లనీళ్ళలో మూడుసార్లు జాడించాను. రెండు చోట్ల పురుగు కొట్టింది, ఒక గులాబీ వెలిసింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. ఆరగానే పార్సిల్ చేస్తాను.

ఇప్పుడు నీ ప్రశ్న. శుక్రవారం పొద్దున్నే కెల్విన్‌కి ఫోన్ చేసి ఇల్లు అమ్మటం లేదన్నాను. “తొందరపడకండి మేడమ్, ఇంకోసారి ఆలోచించుకోండి” అన్నాడు. “నాయనా, నేను తొందరపడ్డానన్నవాడివి లోకంలో నువ్వొక్కడివే” అన్నాను.

నేను రానమ్మా. అవునో కాదో అన్నావు, కాదు. నాకు ఈ ఊరు ఇష్టం. మైనస్ ముప్పైలో కిటికీల మీద పూసే మంచు ఇష్టం, సందేహాలు అడిగే ఆ పిల్లలు ఇష్టం, నది గడ్డకట్టే రోజు వంతెన మీద నిలబడి చూడటం ఇష్టం. ఒంటరిదాన్ని అనుకుంటున్నావు. కాస్త ఒంటరిదాన్నే. కానీ దిగులుగా లేను. వచ్చే ఆదివారం టేవ్స్ దంపతుల్ని భోజనానికి పిలిచాను. బంగాళదుంప ముద్ద కూరిన పెరోగీలు రెండు వందలు చుట్టాలి. వెర్నా సాయం వస్తానంది, లోర్న్ తినడానికి సాయం వస్తానన్నాడు. ఫిబ్రవరిలో కాలేజీ సెలవులకి పది రోజులు నీ దగ్గరికి వస్తాను. తిరుగు టిక్కెట్టు ముందే కొనుక్కుని వస్తాను. ఈ ఇల్లు నీది. నీకు అమ్మాలనుంటే అమ్ము, నేను వేరే ఇల్లు చూసుకుంటాను. కానీ ఈ ఊళ్ళోనే చూసుకుంటాను.

ఒక్కటి మాత్రం రాయి. ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని నాన్న ఏమన్నాడు? ‘నాకూ వెళ్ళాలని లేదు’ అన్నాడా? ‘నీ ఇష్టం’ అన్నాడా? లేక బాధపడ్డాడా? నీకు గుర్తుంటే ఉన్నది ఉన్నట్టు రాయి. తెలుసుకోవాలని ఉంది, అంతే. ఆయన ఏమని ఉన్నా నా జవాబు మారదు.

ఇన్నేళ్ళూ ఆ రోజు తల్చుకున్నప్పుడల్లా నిన్ను క్షమించమని అడగాలనుకున్నాను. శాలువాకీ, నాన్న టార్చి పట్టుకుని ఎక్కిన మెట్లకీ అడుగుతున్నాను, క్షమించు. సముద్రం గురించి మాత్రం అడగను. దానికి చెప్పవలసిన మాట వేరే ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ఆ రోజు నువ్వు ‘వద్దు’ అన్నావు చూడు, మంచిపని చేశావమ్మా. నన్ను ఇక్కడే ఉంచావు. ఆ తర్వాత నేను ఒక్కరోజు కూడా మాట్లాడటం మానలేదు.

ఇట్లు,
నీ మాటల పుట్ట, నీ కూతురు,
ఒరీసియా